పాడైన డిస్కు ఏది? ఇంటి సర్వర్ల చుట్టూ అపోహలు - వాస్తవాలు

ఇంటి స్టోరేజ్ సర్వర్ మొరాయించిందని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘ఇప్పటిదాకా ఏ డిస్కునైనా పీకారా?’ అవతల కాసేపు మౌనం వినిపించిందంటే నా పని రెట్టింపయినట్లే.

అపోహ: ‘ఎస్‌డీసీ’లో లోపం అని వస్తే అది మూడో ట్రేలోని డిస్కే.

కానక్కర్లేదు. ఇలాంటి సర్వర్లను నడిపే లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ వంటి పేర్లు డిస్కుకు పుట్టుకతో వచ్చినవి కావు. సిస్టమ్ మొదలైనప్పుడు ఏది ముందు కనిపిస్తే దానికి ముందు పేరు దక్కుతుంది. పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచితే ఒక్కోసారి అదే ఎస్‌డీఏ అయి కూర్చుంటుంది. రీబూట్ తర్వాత వరుస మారిపోవచ్చు. మారనిది సీరియల్ నంబరు. డిస్కు వివరాలు చెప్పే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ చూపే నంబరు, డిస్కు మీది స్టిక్కర్‌లోని నంబరు ఒకటే అయితేనే దాని మీద చెయ్యి వేయాలి.

ఇంత పట్టుదల ఎందుకంటే, నాలుగు డిస్కుల రెయిడ్ 5లో (డిస్కులన్నిటినీ ఒక్కటిగా కలిపి డేటాను వాటికి పంచే ఏర్పాటు) ఒకటి పోయినా డేటా ఉంటుంది, రెండోది పోతే ఉండదు. పాడైనదనుకుని బాగున్నదాన్ని లాగితే ఆ రెండోది మీ చేత్తోనే పోయినట్లు. అలా జరిగినా చాలాసార్లు పాత రెయిడ్‌ను మళ్లీ కూర్చుకునే దారి ఉంటుంది. కంగారులో కొత్త రెయిడ్ సృష్టించే కమాండ్ మాత్రం కొట్టకండి. నాకు వచ్చే కేసుల్లో అసలు నష్టం అక్కడే జరిగి ఉంటుంది.

డిస్కు బిగించే రోజే సీరియల్ నంబరులోని చివరి నాలుగు అక్షరాలు ట్రే ముందు అంటించండి. ఆ పని చేయనివారికి ఒక చిట్కా: బాగున్న డిస్కులన్నిటి నుంచీ ఆపకుండా డేటా చదివించండి. వాటి లైట్లు మినుకుమినుకుమంటాయి, మినుకుమననిది అనుమానితుడు. చావుకు దగ్గరైనదాన్ని చదివించి ఇంకా అలసిపోనివ్వకండి. తర్వాత సర్వర్ ఆపి, డిస్కు బయటకు తీసి, స్టిక్కర్ చూసి నిర్ధారించుకోండి.

అపోహ: స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చెప్పుకునే వ్యవస్థ) ఫలితం ‘పాస్’ అని వచ్చింది, డిస్కు బాగుంది.

తయారీదారు పెట్టుకున్న హద్దు ఇంకా దాటలేదని మాత్రమే దాని అర్థం. గూగుల్ 2007లో లక్షకు పైగా డిస్కులపై చేసిన అధ్యయనంలో, పాడైనవాటిలో 56 శాతం డిస్కులు నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ చూపలేదు. కాబట్టి మౌనాన్ని నమ్మకండి, అరుపును నిర్లక్ష్యం చేయకండి. నేను చూసేవి 5, 187, 197, 198 నంబర్ల లెక్కలు. ఐదోది చెడిపోవడంతో డిస్కు ఇప్పటికే మార్చేసిన సెక్టార్ల (డేటా దాచే చిన్న గడుల) సంఖ్య. 197 చదవడం కష్టమై తీర్పు కోసం ఎదురుచూస్తున్నవి. అంకె ఎంత ఉందన్నదాని కన్నా, వారం వారం పెరుగుతోందా అన్నదే నాకు ముఖ్యం.

సీగేట్ డిస్కుల్లో ఒకటో నంబరు దగ్గర కోట్లలో అంకె చూసి గాభరాపడేవారు చాలామంది. ఆ కంపెనీ లెక్క రాసే తీరే అంత.

అపోహ: తప్పుల లెక్క పెరుగుతోంది, డిస్కు మార్చేయాలి.

199వ నంబరు పెరుగుతుంటే ముందు సాటా కేబుల్ మార్చండి. అది డిస్కుకూ, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్‌కూ మధ్య దారిలో చెడిపోయిన డేటా లెక్క. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగితే చాలు. ఒకాయన రెండు కొత్త డిస్కులు కొన్నాక నా దగ్గరికి వచ్చారు. చివరికి తేలింది చవకైన కేబుల్. ఒకే పూట మూడు డిస్కులూ తప్పులు చూపిస్తుంటే పవర్ సప్లైనో, కంట్రోలర్‌నో, ర్యామ్‌నో ముందు అనుమానించండి.

అపోహ: రెయిడ్ బయటకు నెట్టేసిన డిస్కు చచ్చినట్లే.

సాధారణ డెస్క్‌టాప్ డిస్కు ఒక చెడ్డ సెక్టార్‌ను పట్టుకుని నిమిషం దాటినా వదలకపోవచ్చు. లినక్స్ మామూలుగా ఎదురుచూసేది 30 సెకన్లే, ఆపై డిస్కు పోయిందనుకుంటుంది. నాస్ (ఇలాంటి స్టోరేజ్ సర్వర్) కోసం చేసినవి దాదాపు 7 సెకన్లకే చేతులెత్తేస్తాయి, మిగతాది రెయిడ్ చూసుకుంటుంది. అందుకని బయటపడ్డ డిస్కును పారేసే ముందు పొడవైన స్మార్ట్ పరీక్ష ఒకటి పెట్టి చూడండి.

అపోహ: టకటకమంటున్న డిస్కును ఫ్రిజ్‌లో పెడితే లేస్తుంది.

లోపల తేమ చేరుతుంది. కరెంటు తీసేసి, బ్యాకప్ లేకపోతే డేటా రికవరీ చేసేవారికి అలాగే అప్పగించండి.