మోకాలికి రేటు కట్టారు, తుంటిని వదిలేశారు

మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లో తుంటి ఆపరేషన్ బిల్లులు తిరుగుతున్నాయి. ఒకరికి లక్షా డెబ్బై వేలు, ఇంకొకరికి మూడు లక్షలు. ఇద్దరూ చేయించుకున్నది హనుమకొండలోనే, ఇద్దరికీ మార్చింది ఒక పక్కే. కింద కామెంట్లలో ఆసుపత్రులను తిట్టేవాళ్లు కొందరు, ఆరోగ్యశ్రీని తిట్టేవాళ్లు కొందరు. ఆరోగ్యశ్రీ ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు అన్నది ఇక్కడ అందరికీ తెలిసిందే కాబట్టి అక్కడికి పోను. నన్నడిగితే ఈ పంచాయితీకి మూలం 2017 ఆగస్టు 16.

ఆ రోజు కేంద్ర మంత్రి అనంత్ కుమార్ మోకాలి ఇంప్లాంట్ల, అంటే అరిగిన కీలు తీసేసి అమర్చే కృత్రిమ భాగాల ధరలకు పరిమితి ప్రకటించారు. ఎక్కువమందికి వేసే కోబాల్ట్ క్రోమియం అనే లోహపు మోకాలు అంతకుముందు సగటున 1,58,000 రూపాయల ఎమ్మార్పీ మీద అమ్ముడుపోయేది, దాన్ని జీఎస్టీ కాకుండా 54,720కి దించారు. అదీ గుండుగుత్తగా కాదు, ముక్క ముక్కకూ లెక్క కట్టి మరీ: తొడ ఎముక వైపు ముక్కకు 24,090, కాలి ఎముక వైపు ప్లేటుకు 16,990, మధ్యలో పెట్టే ప్లాస్టిక్‌కు 9,550, మోకాలి చిప్పకు 4,090. పైగా ఆసుపత్రి బిల్లులో ఇంప్లాంట్ ధరను, కంపెనీ పేరును, బ్యాచ్ నంబరును విడిగా చూపించి తీరాలని ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ ఉత్తర్వులోనే రాసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకూ పరిమితి పెట్టారు.

తుంటి మాత్రం ఆ ఉత్తర్వులో లేదు. ఇప్పటికీ లేదు.

ఇది నాకు కాగితాలు చదివితే అర్థమైంది కాదు. మా బాబాయి కొడుకు నర్సంపేట దగ్గర హార్వెస్టర్ నడుపుతాడు, ఇంకా నలభై నిండలేదు. రక్తం అందక తుంటి బంతి ఎముక చచ్చిపోయిందన్నారు. తుంటి మార్పిడి అంటే జారిపడ్డ ముసలివాళ్లకే అనుకుంటాం గానీ, తాగుడు వల్ల, ఎక్కువగా వాడిన స్టెరాయిడ్ల వల్ల, ఆదిలాబాద్ వైపు సికిల్ సెల్ రక్తజబ్బు ఉన్నవాళ్లలో అయితే చిన్న వయసులోనే ఇలా జరుగుతుంది. ఆపరేషన్ అయ్యాక కేస్ షీట్ చూశాను. అందులో నాలుగు స్టిక్కర్లు అంటించి ఉన్నాయి: బంతి కూర్చునే గిన్నె, దాని లోపలి ప్లాస్టిక్, బంతి, తొడ ఎముకలోకి దిగే కాడ. ఒక్కోదాని మీద సైజు, లాట్ నంబరు. బిల్లు చూస్తే మాత్రం ఒకటే లైను: ఇంప్లాంట్, 1,35,000. ఏ ముక్కకు ఎంత అని కౌంటర్‌లో అడిగితే ఆ పిల్లగాడు, "మోకాలైతే చెప్పేవాణ్ణి అన్నా, తుంటికి మాకు చార్ట్ ఉండదు" అన్నాడు. వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు.

కంపెనీలు, ఆసుపత్రుల వాదన కూడా ఉంది. తుంటిలో సిమెంటు పెట్టి బిగించేవి వేరు, సిమెంటు లేనివి వేరు, సిరామిక్ బంతి వేరు, లోహపు బంతి వేరు, వీటన్నిటికీ ఒకే రేటు కుదరదంటారు, ధర దించితే కొత్త మోడళ్లు రావంటారు. స్టెంట్ల అప్పుడు ఒక పెద్ద కంపెనీ తన మోడళ్లను వెనక్కి తీసుకుంటామన్న మాట కూడా నిజమే. కానీ మోకాలిలోనూ లోహాలు వేరే, రకాలు వేరే, టైటానియం రకానికి విడిగా 76,600 కట్టారు కదా, మరి తుంటి దగ్గరికొచ్చేసరికి లెక్క ఎందుకు రాదు? ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటే ఇదే.

నిజానికి ముందు చూడాల్సింది తుంటినే. జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ రకం తుంటిని 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. లోహం మీద లోహం రాసుకుని ఆ పొడి రక్తంలో కలిసేది. మన దేశంలో అవి 4,700 మంది దాకా వేయించుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది ఎక్కడున్నారో కూడా తేలలేదు. ఎవరికి ఏది వేశారో పట్టుకునేది ఆ స్టిక్కర్ల మీది నంబర్లతోనే, వాటి విలువ నాకప్పుడు తెలిసొచ్చింది. దీనిపై కేంద్రం డాక్టర్ అరుణ్ అగర్వాల్ కమిటీని వేసింది 2017లోనే, అంటే మోకాలికి రేటు కట్టిన ఏడాదే తుంటి ఫైలు కూడా అదే ప్రభుత్వం బల్ల మీద ఉంది. నష్టపరిహారం సంగతి తేలింది, 2018 చివర్లో ముప్పై లక్షల నుంచి కోటీ ఇరవై మూడు లక్షల దాకా లెక్క కట్టారు. ధర సంగతి మాత్రం తేలలేదు.

2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ ధరల చట్టం కిందికి వచ్చాయి కదా అంటారు కొందరు. వచ్చాయి, ఏడాదికి పది శాతం మించి ఎమ్మార్పీ పెంచకూడదు. మొదట వేసుకునే ఎమ్మార్పీ మాత్రం కంపెనీ ఇష్టం.

ఇక ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితిని పది లక్షలు చేశారు, దాంతో చాలామంది తుంటికి ఎంతైనా వస్తుందనుకుంటున్నారు. పది లక్షలన్నది ఒక కుటుంబానికి ఏడాదికి ఉన్న హద్దు, ఆపరేషన్‌కు ఆసుపత్రికి ముట్టేది ప్రభుత్వం ముందే కట్టిన ప్యాకేజీ రేటే, అదీ బకాయిలు క్లియరైనప్పుడు. ఆ బకాయిల కోసమే 2025లో ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. మావాడికి కార్డు ఉంది, అయినా "మంచి రకం కావాలంటే క్యాష్" అన్నారు. మంచి రకం అంటే ఏదో మాకేం తెలుసు, ఒప్పుకున్నాం. దాని కోసం ఎత్తిన చిట్టీకి ఇంకా పదకొండు నెలలు కట్టాలి.