ఇథియోపియా మెసెరెటె క్రిస్తోస్ సంఘం: అపోహలు - వాస్తవాలు

సంఘ చరిత్ర బోధించేవాళ్లకు కొన్ని ప్రశ్నలు ఏటా ఎదురవుతూనే ఉంటాయి. ఇథియోపియాలోని మెసెరెటె క్రిస్తోస్ సంఘం పేరెత్తితే అవి మరీ ఎక్కువ. పాలమూరు ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థులకు ఇది బంధువుల ఇంటి విషయం లాంటిది. జడ్చర్ల ఆసుపత్రి, వనపర్తి, గద్వాల, దేవరకొండ మిషన్ కాంపౌండ్లు నడిపిన మెనోనైట్ బ్రదరన్ సంఘమూ, ఈ సంఘమూ ప్రొటెస్టంట్ శాఖల్లో ఒకటైన మెనోనైట్ పరంపరకే చెందినవి. దేశాలవారీగా చూస్తే నేడు మెనోనైట్ ప్రపంచంలో అతి పెద్ద సంఘం ఇదే. అది ఎలా పెరిగిందో మాత్రం మన ప్రసంగాల్లో తరచూ తప్పుగా చెబుతున్నారు. ప్రాణాలకు తెగించి ఆ సంఘాన్ని నిలబెట్టినవాళ్ల శ్రమ అందులో కనబడకుండా పోతోంది. నా బాధంతా అదే.

అపోహ: ఇథియోపియాకు క్రైస్తవ్యాన్ని తెచ్చింది పాశ్చాత్య మిషనరీలు.

వాస్తవం: ఇథియోపియాలోని ప్రాచీన అక్సూం రాజ్యపు రాజు ఎజానా నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవుడయ్యాడు. ఆయన వేయించిన తొలి నాణేలపై నెలవంక, గుండ్రని బింబం ఉంటాయి. తర్వాతి నాణేలపై వాటి స్థానంలో సిలువ ఉంటుంది. మెనోనైట్లు అక్కడికి వెళ్లింది 1940లలో, యుద్ధంలో దెబ్బతిన్న దేశానికి సాయం చేయడానికి. దేశపు పాత సంఘమైన ఆర్థొడాక్స్ సంఘం బలంగా ఉన్న ప్రాంతాల్లో మిషన్లు ఆసుపత్రులు, బడులు నడపవచ్చు గానీ తమ శాఖలో చేర్చుకునే ప్రచారం చేయకూడదని చక్రవర్తి హైలే సెలాసీ ప్రభుత్వం 1944లో నియమం పెట్టింది. నజరేతు పట్టణం, అంటే నేటి అడామా, అలాంటి చోటే. అక్కడ పాత పత్తి జిన్నింగ్ మిల్లు భవనంలో ఆసుపత్రి తెరిచారు. తొలి బాప్తిస్మాలు 1951లో జరిగాయి. తీసుకున్నది పదిమంది.

అపోహ: అక్కడి ఉజ్జీవ ఆరాధనను మిషనరీలే నేర్పారు.

వాస్తవం: ఆ మిషనరీలు నెమ్మదస్తులు, వాళ్ల ఆరాధనా అలాగే ఉండేది. 1960లలో నజరేతులోని హైస్కూలు విద్యార్థులు కొందరు ఇంగ్లిషు నేర్పమని వాళ్లను అడిగారు. పాఠ్యపుస్తకంగా యోహాను సువార్తను ఎంచుకున్నారు. భాష కోసం వచ్చిన కుర్రాళ్లు వాక్యంలో పడ్డారు, సొంతంగా ప్రార్థనకు కూడుకోవడం మొదలుపెట్టారు. పరిశుద్ధాత్మ అనుభవం, బిగ్గరగా ప్రార్థించడం, ఉపవాసాలు, ఊరూరా సాక్ష్యం చెప్పడం వాళ్లతోనే వచ్చాయి. ఆ బృందానికి 'సెమాయ్ బిర్హాన్' అని పేరు. దాని సభ్యులు తర్వాత మెసెరెటె క్రిస్తోస్‌లో కలిశారు. అంతకుముందే సంఘ నాయకత్వం మిషనరీల చేతుల్లోంచి ఇథియోపియన్ల చేతుల్లోకి మారుతూ వచ్చింది. అలాంటి నాయకుల్లో ఒకరైన మిలియన్ బెలెటె అనే ఆయన 1970లలో ప్రపంచ మెనోనైట్ సమాఖ్యకే అధ్యక్షుడయ్యారు.

అపోహ: హింస వచ్చింది కాబట్టి సంఘం పెరిగింది.

వాస్తవం: మన వేదికల మీద ఎక్కువగా వినబడేది ఇదే, నన్ను ఎక్కువగా కలవరపెట్టేదీ ఇదే. 1974లో అధికారానికి వచ్చిన సైనిక ప్రభుత్వం 'దెర్గ్' 1982 జనవరిలో ఈ సంఘాన్ని నిషేధించింది. భవనాలు, బడి, బ్యాంకు ఖాతాలు అన్నీ స్వాధీనం చేసుకుంది. ఆరుగురు నాయకులను ఖైదు చేసింది. అప్పటికి సభ్యులు సుమారు 5 వేలు. 1991లో ఆ ప్రభుత్వం కూలాక లెక్క చూస్తే సుమారు 34 వేలు.

హింస దానంతట అదే సంఘాన్ని పెంచేదైతే ప్రాచీన సంఘ గురువు అగస్టీను పుట్టిన, హింసలు చూసిన ఉత్తర ఆఫ్రికా నేడు క్రైస్తవ దేశాలతో నిండి ఉండాలి. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో కథోలిక విశ్వాసులను వేటాడితే, మిగిలిన కొద్దిమంది రెండు వందల ఏళ్లకు పైగా రహస్యంగా బతికారు. వాళ్ల సంఖ్య పెరగలేదు.

ఇథియోపియాలో ఏం జరిగిందో దగ్గరగా చూడాలి. పెద్ద కూడికలు అసాధ్యం కావడంతో సంఘం ఇళ్లలోకి వెళ్లింది. ఒక్కో గృహకూడికలో అయిదారుగురే. సంఖ్య పెరిగితే గుంపును రెండుగా విడదీసేవారు. పొరుగువాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించి పాడుకునేవారు. ఎక్కువమంది కలవాలంటే పెళ్లి, అంత్యక్రియల వంటి సందర్భాలే దిక్కు. ప్రతి గుంపుకూ వాక్యం చెప్పగలిగిన మనిషి కావాలి. జీతం తీసుకునే కాపరులు అంతమంది ఎక్కడున్నారు? అందుకే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు ఆ పని ఎత్తుకున్నారు. ముఖ్యంగా స్త్రీలు. అధికారుల కన్ను వాళ్ల మీద తక్కువగా ఉండేది కాబట్టి ఇల్లిల్లూ తిరిగి బోధించారు, కొత్తవాళ్లను సిద్ధం చేశారు. అంతకుముందు వాళ్లకు అంత బాధ్యత అప్పగించినవాళ్లు లేరు. యోహాను సువార్తతో మొదలైన తరం అప్పటికే వాక్యంలో పాతుకుని ఉండటం వల్లే ఇది సాధ్యమైంది. ఆ పునాది లేకుండా 1982 వచ్చి ఉంటే ఫలితం ఇలా ఉండేదని నేను అనుకోను. 'శ్రమలు రావాలి, అప్పుడే ఉజ్జీవం' అని ప్రసంగించేవాళ్లు ఆ ఖైదీల భార్యాబిడ్డలను ఒక్కసారి తలుచుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

అపోహ: విదేశీ డబ్బు పెంచిన సంఘం.

వాస్తవం: సభ్యత్వం అయిదు వేల నుంచి ముప్పై నాలుగు వేలకు చేరిన ఆ ఏళ్లలో సంఘానికి భవనమూ లేదు, బ్యాంకు ఖాతా కూడా లేదు. ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

అపోహ: ఇథియోపియా ప్రొటెస్టంట్ల పెరుగుదలంతా ఈ సంఘానిదే. లేదా, మిగతావాటి పక్కన ఇది చిన్నదే కదా.

వాస్తవం: రెండూ వింటుంటాను, రెండూ సరికావు. ఆ దేశ జనాభా లెక్కల్లో ప్రొటెస్టంట్ల వాటా 1994లో 10 శాతం, 2007లో 18 శాతానికి పైగా. అందులో పెద్ద వాటా మెకానె యేసుస్, కాలె హేవెట్ సంఘాలది. మెకానె యేసుస్ లూథరన్ సంఘం, మన గుంటూరు, రాజమండ్రి లూథరన్లకు దగ్గరి చుట్టం. లూథరన్లు పసిపిల్లలకూ బాప్తిస్మం ఇస్తారు కాబట్టి వాళ్ల లెక్కలో పిల్లలూ ఉంటారు. మెనోనైట్లు విశ్వసించి అడిగినవాళ్లకే ఇస్తారు. అందువల్ల మెసెరెటె క్రిస్తోస్ చెప్పే 3 లక్షలకు పైబడిన సభ్యుల్లో చిన్నపిల్లలు లేరు. ఇంకా బాప్తిస్మం తీసుకోకుండా ఆదివారం వచ్చేవాళ్లూ లేరు. మెకానె యేసుస్‌ను, మెసెరెటె క్రిస్తోస్‌ను పక్కపక్కన పెట్టాలంటే సభ్యత్వ పట్టికను వదిలి, ఆరాధనకు వచ్చేవాళ్ల లెక్క తీసుకోండి. మన ఎం.బి. (మెనోనైట్ బ్రదరన్) సంఘాలను గుంటూరు లూథరన్లతో పోల్చేటప్పుడూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.