తేనెపట్టులో సింహాసనం ఎక్కడిది?

1937లో బెర్లిన్‌లోని ఉఫా సినిమా సంస్థ తేనెటీగల జీవితం మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తెచ్చింది. తీసినవారు ఉల్రిచ్ కె. టి. షుల్జ్. పేరు ‘డెర్ బీనెన్‌స్టాట్’, అంటే తేనెటీగల రాజ్యం. 1934లో ఆయనే తీసిన చీమల చిత్రం పేరులోనూ ఆ ‘రాజ్యం’ ఉంది. నాజీలు ఏలుతున్న దేశంలో ఆ మాట కీటకాల దగ్గరే ఆగి ఉంటుందని నేను అనుకోను.

ఈ పోలిక చాలా పాతది. పట్టులోని పెద్ద ఈగను అరిస్టాటిల్ రాజు అన్నాడు. అది ఆడదని, రాణి అనాలని 1609లో ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ బట్లర్ పుస్తకం రాశాడు. తర్వాత డచ్ శాస్త్రవేత్త స్వామర్‌డామ్ దాన్ని కోసి అండాశయాలు చూపించాడు. రాజు పోయి రాణి వచ్చింది గానీ సింహాసనం కదలలేదు. మన తెలుగులోనూ రాణి ఈగ, కూలి ఈగలు అనే అంటాం.

రాణి ఎవరికీ ఆజ్ఞలివ్వదు. రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెట్టడమే దాని పని. ఒకే రకం గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు చివరిదాకా రాయల్ జెల్లీ అనే పాలలాంటి మేత పెడితే 16 రోజులకు రాణి, లేకపోతే 21 రోజులకు కూలి ఈగ. ఆ మేత పెట్టేది కూలి ఈగలే.

ఆ రోజుల్లోనే మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త తేనెటీగల మీద పరిశోధన చేస్తున్నారు. ఆయన పూర్వీకుల్లో యూదులున్నారని 1941లో ఉద్యోగం తీసేయాలని నిర్ణయించారు. నోసెమా జబ్బు తేనెపెట్టెలను ఖాళీ చేస్తుండడంతో ఆయన అవసరం పడి, ఆ వేటు వాయిదా పడింది.

రాజ్యం కథకు అసలు జవాబు ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ దగ్గర దొరికింది. 1949లో పొదకు వేలాడుతున్న తేనెటీగల గుంపు మీద కొన్ని ఈగలు నాట్యం చేయడం ఆయన చూశారు. వాటి ఒంటిమీద పుప్పొడి లేదు. ఒకదానికి మసి, ఇంకోదానికి ఇటుక పొడి, మరోదానికి పిండి. బాంబులకు దెబ్బతిన్న నగరంలో పొగగొట్టాలు, గోడల సందులు దూరి కొత్త ఇల్లు వెతికి వచ్చిన ఈగలవి. ప్రతిదీ తాను చూసిన చోటు ఎక్కడుందో నాట్యంతోనే చెబుతుంది. మిగతావి వెళ్లి చూసి వస్తాయి. ఇది గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సాగుతుంది. నాట్యాలన్నీ ఒకే చోటును చూపించాక గుంపు లేస్తుంది. మధ్యలో ఎక్కడో ఉన్న రాణి కూడా వాటితో పాటే ఎగురుతుంది.