బిడ్డ మీద ఒట్టు వేయించుకుంటే సరిపోతుందా?

పత్తికి మందు కొట్టే రోజుల్లో కౌన్సెలింగుకు వచ్చిన రైతు మాటల మధ్యలో “బతకబుద్ధి అయితలేదు సార్” అంటాడు. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఆ మాట వినగానే పెద్దమనుషుల నోటా, కొత్త కౌన్సెలర్ల నోటా వచ్చే జవాబు ఒకటే: “అట్లనొద్దు, నీ బిడ్డ మీద ఒట్టెయ్.” ఆయన వేస్తాడు. విన్నవాళ్ల గుండె కాస్త కుదుటపడుతుంది. అయితే ఆ ఒట్టు ప్రాణం కాపాడుతుందనడానికి ఆధారం లేదు. పైగా ఆ ఆలోచన మళ్లీ వచ్చిన రాత్రి, ఒట్టు తప్పుతున్నానన్న సిగ్గు ఆయన నోరు నొక్కేస్తుంది. అమెరికా సైన్యంలో 97 మందితో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడానే చూపింది. మాట మాత్రమే ఇచ్చి వెళ్లినవారితో పోలిస్తే, కష్ట సమయంలో ఏం చేయాలో కాగితం మీద రాసుకుని వెళ్లినవారిలో ఆత్మహత్యాయత్నాలు 76 శాతం తక్కువ.

ఒట్టు అడిగే చోట ప్రశ్న అడగాలి, అదీ సూటిగా. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కర్లేదు. అధ్యయనాల్లో అలా జరిగిన దాఖలా లేదు. ఆత్మహత్య ముప్పును కనుక్కోవడానికి వాడే ప్రశ్నల పట్టిక కొలంబియా స్కేలు ఇందుకు మంచి వరుస ఇస్తుంది. “నిద్రల్నే పోతే మంచిగుండు అనిపిస్తుందా?” అని మొదలుపెట్టాలి. తర్వాత, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అన్నది ఆలోచించారా? చేసి తీరాలన్న ఉద్దేశం ఉందా? ఎప్పుడు, ఎక్కడ అన్నది అనుకున్నారా? చివరిగా, ఎప్పుడైనా ప్రయత్నించారా, ఏర్పాట్లు చేసుకున్నారా, గత మూడు నెలల్లోనా? ఉద్దేశం ఉందన్నా, ఈ మూడు నెలల్లో ఏదైనా చేశానన్నా ఆయన్ను ఒంటరిగా ఇంటికి పంపకూడదు. తోడు మనిషితో అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరకు పంపాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రులు అందుబాటులోనే ఉన్నాయి.

మిగిలినవారిని ‘ముప్పు తక్కువ’ అని రాసి పంపేయడం ఇంకో తప్పు. 50 ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాలను కలిపి 2017లో లెక్క చూస్తే, ఎవరు ప్రయత్నిస్తారో ముందే చెప్పడంలో మన అంచనాలు బొమ్మా బొరుసూ వేసినదానికన్నా కొంచెమే మెరుగని తేలింది. స్కేలు జాతకం చెప్పదు. ఈ పూట ఏం చేయాలో తేల్చుకోవడానికే అది పనికొస్తుంది.

ఆ పనుల్లో మొదటిది పురుగుల మందు సంగతి. పశువుల కొట్టం చూరులోనో, స్ప్రేయరు పక్కనో సగం మిగిలిన డబ్బా ఉంటుంది. చాలామందిలో నిర్ణయానికీ చర్యకూ మధ్య గంట కూడా గడవదు, మద్యం తాగి ఉంటే ఆ వ్యవధి మరీ తగ్గుతుంది. ఆ కాసేపు డబ్బా చేతికందకపోతే ప్రాణం నిలబడే అవకాశం పెరుగుతుంది. చాలామంది ఆ రాత్రి దాటాక మళ్లీ ఆ దారికి పోరు. శ్రీలంక అత్యంత విషపూరితమైన మందులను 1984 నుంచి విడతలవారీగా నిషేధించింది, 1995 తర్వాత అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. అదే దేశంలో 180 ఊళ్లలో ఇంటింటికీ తాళం పెట్టెలిచ్చి చూస్తే మాత్రం ఫలితం కనిపించలేదని 2017లో తేలింది. తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది కదా. కాబట్టి “దాచి పెట్టండి” అని చెప్పి ఊరుకోవద్దు. డబ్బా ఇల్లు దాటాలి. ఎవరు తీసుకెళ్తారు, ఎవరింటికి, ఈ సాయంత్రం ఎన్ని గంటలకు అన్నది గదిలోనే తేల్చి, రాత్రికి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇకమీదట మందు కొనేదీ కొట్టేదీ ఇంకొకరై ఉండాలి, కొన్నది ఆ పూటకు సరిపడా మాత్రమే ఉండాలి. మాత్రలు ఎక్కువగా ఉంటే వాటికీ ఇదే పద్ధతి.

రెండోది కాగితం. అమెరికా మానసిక శాస్త్రవేత్తలు స్టాన్లీ, బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళికలో ఆరు మెట్లున్నాయి: ముందస్తు గుర్తులు, ఒంటరిగా చేసుకోగల పనులు, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగదగినవాళ్లు, వైద్యులూ హెల్ప్‌లైనూ, చివరగా పరిసరాల భద్రత. అది ఆయన మాటల్లోనే ఉండాలి. ‘ఒత్తిడి పెరిగినప్పుడు’ అని రాస్తే ఎందుకూ పనికిరాదు. ‘అప్పులాయన ఫోన్ చేసినంక రాత్రి రెండింటికీ నిద్ర పట్టకపోతే’ అని రాస్తే ఆ రాత్రి గుర్తుపడతాడు. ‘స్నేహితులతో మాట్లాడతాను’ అని కూడా వద్దు. ఫలానా మేనమామ, ఆయన నంబరు. ఒక్కో మెట్టు దగ్గర “ఇది నిజంగా చేయగలవా? ఏది అడ్డమొస్తుంది?” అని అడగాలి. మామ రాత్రి ఫోన్ ఎత్తడంటే రెండో పేరు కావాలి. చదువు రానివారికి వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వండి.

తర్వాత ఫోన్లు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలే అన్నిటికన్నా ప్రమాదకరం. ఆత్మహత్యాయత్నం చేసి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిపై చెన్నై సహా ఐదు చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన అధ్యయనం 2008లో వెలువడింది. మామూలు చికిత్సకు తోడు ఒక గంట మాట్లాడి, 18 నెలల్లో తొమ్మిదిసార్లు పలకరించినవారిలో ఆత్మహత్య మరణాలు 0.2 శాతం, మామూలు చికిత్స మాత్రమే అందినవారిలో 2.2 శాతం. తొమ్మిది పలకరింపులు ఎవరికీ మోయలేని బరువు కాదు. వలస పోయే పాలమూరు కూలీ రెండో సిటింగుకు రాలేకపోవచ్చు, ఫోన్ మాత్రం ఎక్కడికైనా అందుతుంది.

ఇంట్లోవాళ్లకు చెప్పడం గురించి ముందే ఆయనతో మాట్లాడుకోవాలి. ప్రాణానికి ముప్పున్నప్పుడు దాన్ని ఆపడానికి అవసరమైనంత మేరకు సమాచారం చెప్పడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఒప్పుకుంటుంది. డబ్బా సంగతి భార్యకు చెప్పాలి, అప్పుల చిట్టా అంతా చెప్పనక్కర్లేదు. ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, కేసు పెట్టి శిక్షించకూడదని అదే చట్టం 115వ సెక్షన్ అంటుంది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చే కుటుంబాలకు ఈ మాట తప్పక చెప్పండి. ఎవరైనా ఇప్పటికే ఏదైనా తాగి ఉంటే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పట్టించి కక్కించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కాగితంలో వైద్యుల మెట్టు దగ్గర రాయాల్సిన నంబరు టెలి మానస్‌ది: 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత ప్రభుత్వ సేవలో ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఇది చదువుతున్న మీకే చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఇప్పుడే ఈ నంబరుకు ఫోన్ చేయండి, దగ్గరున్న ఒక మనిషికీ చెప్పండి.