బార్ల వీధులు మారాయి, స్పీకర్ మారలేదు

వారాంతం రాత్రుల్లో బీరూట్ బార్లలో ఒకే బల్ల చుట్టూ చేరే కుర్రాళ్లు పోలింగ్ రోజు మాత్రం తలో దారి పడతారు. రాజధానిలోనే పుట్టి పెరిగినా లెబనాన్‌లో ఓటు తాతల ఊళ్లోనే. పెళ్లయిన ఆడవాళ్లకైతే భర్త కుటుంబం పేర్లు నమోదైన చోట.

ఈ తంతు వెనక 1932 నాటి జనాభా లెక్కలున్నాయి. ఆ తర్వాత మళ్లీ లెక్కపెట్టలేదు. పెడితే ఏ మతం వాటా ఎంతో తేలిపోతుందని నేతలకు టెన్షన్. ఆ లెక్కల ఆధారంగానే 1943లో పదవులు పంచుకున్నారు: అధ్యక్షుడు మరోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకర్ షియా. 1975లో మొదలై పదిహేనేళ్లు సాగిన అంతర్యుద్ధం కూడా ఈ పంపకాన్ని కాస్త సర్దిందే తప్ప చెరిపెయ్యలేదు. ఆ గొడవల్లో 1972 ఎన్నికల తర్వాత మళ్లీ ఓటింగ్ జరిగింది 1992లోనే.

యుద్ధం ఆగాక ముందుగా కోలుకున్నవి రాత్రులే. 1998లో, బీరూట్‌లోనే గతంలో ఊచకోత జరిగిన కరంతినా పేటలో, బీఓ18 అనే క్లబ్బును నేల కిందే కట్టారు. పైకప్పు తెరిస్తే నెత్తిన ఆకాశం. సందడి మోనో వీధి నుంచి జెమ్మైజేకి, అక్కడ ఇళ్లవాళ్లు మోత భరించలేమని గోల చేశాక మార్ మిఖాయిల్‌కి మళ్లింది.

రాజకీయాలు కూడా ఈ రాత్రుల జోలికి వచ్చాయి. 2006 డిసెంబరులో ప్రతిపక్షం నగరం నడిబొడ్డున వేసిన గుడారాలు ఏడాదిన్నర కదల్లేదు, చుట్టుపక్కల రెస్టారెంట్లు ఈగలు తోలుకున్నాయి. 2008 మేలో ఖతార్ రాజధాని దోహాలో రెండు పక్షాలకూ ఒప్పందం కుదిరాకే గుడారాలు లేచాయి. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఓ పార్టీ ‘అందంగా ఉండు, ఓటెయ్యి’ అని ఆడవాళ్లకు హోర్డింగులు పెట్టింది. ఏదో పబ్ ఓపెనింగ్‌కి పిలిచినట్టు! దేశం బయటున్న ఓటర్లకు విమానం టికెట్లు కొనిపెట్టారన్న వార్తలూ వచ్చాయి. అప్పట్లో బ్యాలెట్ చీటీలు పార్టీలే అచ్చేసి చేతిలో పెట్టేవి. పేర్ల వరుసను ఇంటింటికీ కాస్త మార్చి అచ్చేస్తే చాలు, లెక్కింపులో ఎవరు మాట తప్పారో దొరికిపోయేది. ప్రభుత్వమే అచ్చేసిన బ్యాలెట్ 2018లో గానీ రాలేదు. నిజానికి ఆ ఎన్నికలు 2013లోనే జరగాలి. ఎంపీలే తమ గడువును పదేపదే పొడిగించుకున్నారు.

2019 అక్టోబరులో వాట్సాప్ కాల్స్‌పై పన్ను అనగానే జనం రోడ్డెక్కారు. ఉత్తర లెబనాన్‌లోని ట్రిపోలీ నగరం కూడలిలో బాల్కనీ మీంచి డీజే మోగితే కింద వేలమంది నినాదాలిస్తూ ఊగారు. ఆ తర్వాత లెబనాన్ కరెన్సీ పౌండు కుప్పకూలింది. 2020 ఆగస్టు 4న ఓడరేవు పేలుడుకు జెమ్మైజే, మార్ మిఖాయిల్ రెండూ ధ్వంసమయ్యాయి.

2022 మే ఎన్నికల్లో ఆ 2019 ఉద్యమం తరఫున 13 మంది కొత్తవాళ్లు గెలిచారు. ఆ నెలాఖరునే, 1992 నుంచి స్పీకర్ కుర్చీలో ఉన్న నబీహ్ బెర్రీ 128 మంది సభలో సరిగ్గా 65 ఓట్లతో ఏడోసారి అదే కుర్చీ ఎక్కారు.