గడ్డి బేళ్ల గోడను సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక్కో బేలునీ (బిగించి కట్టిన గడ్డి దిమ్మనీ) విడిగా మోడల్ చేస్తేనే గోడ సరిగ్గా వచ్చినట్టు.

అక్కర్లేదు. భవనాలు గీసే సాఫ్ట్‌వేర్ రెవిట్ అయినా ఆర్కికాడ్ అయినా లోపలి ప్లాస్టర్, బేలు, బయటి ప్లాస్టర్ అని మూడు పొరల గోడ పెడితే చాలు, వరుసలు కనిపించాలంటే హ్యాచ్ (గీతల నమూనా) ఎలాగూ ఉంది. వందల బేళ్లు పేరిస్తే ఫైలు బరువెక్కడం తప్ప ఒరిగేదేం లేదు. కిటికీ అడుగు ఎత్తు, లింటెల్ ఎత్తు మాత్రం బేలు ఎత్తు లెక్కలో పెట్టండి, లేదంటే సైట్‌లో బేళ్లు కోసుకుంటూ కూర్చోవాలి.

అపోహ: గోడ ఎంత మందమైతే ఇన్సులేషన్ అంత ఎక్కువ.

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. బేలును పడుకోబెడితే గోడ సుమారు 450 మి.మీ. వస్తుంది, పక్కకు తిప్పి నిలబెడితే 350. కానీ పడుకోబెట్టినప్పుడు గడ్డిపోచలు చాలావరకు గోడ మందం వెంబడే ఉంటాయి కాబట్టి వేడి వాటి వెంట సులువుగా దాటిపోతుంది, నిలబెడితే పోచలకు అడ్డంగా వెళ్లాలి. ఉష్ణవాహకత (వేడిని దాటనిచ్చే గుణం) మొదటి దానికి 0.06, రెండోదానికి 0.05 అనుకుని నిరోధం, అంటే వేడిని ఆపే శక్తి, లెక్క వేయండి: 0.45ని 0.06తో భాగిస్తే 7.5, 0.35ని 0.05తో భాగిస్తే 7. వంద మి.మీ. మందం తగ్గినా నిరోధం తగ్గింది అంతే! లైబ్రరీలో 'గడ్డి' అని ఒకే మెటీరియల్ ఉంటే దాన్ని రెండుగా కాపీ చేసుకుని విడివిడి విలువలు ఇవ్వండి. ఫ్రేమ్ కట్టి మధ్యలో బేళ్లు నింపే గోడైతే చెక్క స్తంభాల గుండా పోయే వేడిని కూడా కలపాలి.

అపోహ: ఏరియా సెంటర్‌లైన్ (గోడ మందం మధ్య గీత) నుంచి తీసుకున్నా పెద్ద తేడా రాదు.

సన్న గోడలకైతే సరే. బయట 6 మీటర్ల చదరం, గోడ అర మీటరు అనుకోండి. సెంటర్‌లైన్‌తో 30.25 చదరపు మీటర్లు, నిజంగా లోపల మిగిలేది 25. అంటే లెక్క 21 శాతం ఎక్కువ, దాంతో పాటే గది ఘనపరిమాణమూ, ఏసీ లోడూ తప్పుతాయి. రెవిట్‌లో రూమ్ ఏరియా లెక్కను వాల్ ఫినిష్‌కి (గోడ లోపలి ముఖానికి) మార్చేస్తే సరిపోతుంది.

అపోహ: ప్లాస్టర్ అందం కోసమే, ఎనర్జీ మోడల్‌లో వదిలేయొచ్చు.

గాలి చొరబడకుండా ఆపేదీ, పగటి వేడిని కాసేపు పట్టి ఉంచేదీ అదే. భవనం ఎనర్జీ లెక్కలు వేసే ఎనర్జీప్లస్‌లో గోడ మొత్తాన్ని ఒక్క ఆర్-విలువగా (ఉష్ణ నిరోధంగా) నోమాస్ మెటీరియల్‌లో, అంటే బరువు లేని మెటీరియల్‌లో, పెట్టేస్తే ప్లాస్టర్ బరువు వేడిని పట్టి ఉంచే ప్రభావం పూర్తిగా పోతుంది. పొరలుగానే ఇవ్వండి.

ఇంకొకటి, 'తడి వస్తుందేమో' అని టెన్షన్ పడి మోడల్‌లో పాలిథీన్ పొర చేర్చేవాళ్లున్నారు. దయచేసి వద్దు. మట్టి, సున్నం ప్లాస్టర్లు ఆవిరిని బయటికి పోనిస్తాయి, పాలిథీన్ ఆ దారి మూసేస్తుంది. అనుమానం ఉంటే గోడలో తేమను లెక్కించే వూఫి లాంటి సాఫ్ట్‌వేర్‌లో, కాలంతో మారే తేమను చూపించే లెక్క చేయండి.