ఆదివారం ఆటపాటలు: ఈ పేచీ ఎక్కడ మొదలైంది?

ఆదివారం ఆరాధన ముగిశాక సినిమాకు వెళ్లొచ్చా, క్రికెట్ ఆడొచ్చా అని మన క్రైస్తవ సంఘాల్లో పిల్లలు అడుగుతూనే ఉంటారు. ‘వద్దు’ అనే జవాబు వెంటనే వస్తుంది. ఎందుకు వద్దో చెప్పేవాళ్లు తక్కువ. ఆ ‘వద్దు’ వెనక పెద్ద చరిత్రే ఉంది.

1617లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ స్కాట్లండ్ నుంచి తిరిగొస్తూ లాంకషైర్‌లో ఆగాడు. ఆదివారం ప్రార్థన అయిపోయాక కూడా తమను ఆడుకోనివ్వడం లేదని అక్కడి జనం ఆయనకు మొరపెట్టుకున్నారు. మరుసటి ఏడాది రాజు దేశమంతటికీ ఒక ప్రకటన చేశాడు. దాన్నే ‘బుక్ ఆఫ్ స్పోర్ట్స్’ అంటారు. ప్రార్థనకు వచ్చినవాళ్లు ఆ తర్వాత నాట్యం చేయొచ్చు, విలువిద్య సాధన చేయొచ్చు, గెంతులాటలు ఆడొచ్చు. ఎలుగుబంట్ల మీదికి, ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొల్పే ఆటలు మాత్రం కూడదు. వారమంతా పొట్టకూటికి కష్టపడే పేదవాళ్లు ఆదివారం కాకపోతే ఇంకెప్పుడు ఆడుకుంటారన్నది రాజు వాదన. ఆదివారం ఆటపాటలు కూడదని పట్టుబట్టే ప్యూరిటన్లనే క్రైస్తవుల పలుకుబడిని తగ్గించాలని, యుద్ధానికి పనికొచ్చే ఒళ్లు తయారవ్వాలని కూడా ఆయనకు ఉంది. అయినా ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

ప్యూరిటన్ల బాధా అబద్ధం కాదు. తర్వాత పేరున్న బోధకుడైన రిచర్డ్ బాక్స్టర్ చిన్నప్పటి సంగతులు రాసుకున్నాడు. వాళ్ల ఊళ్లో ఆదివారం చెట్టు కింద పాతిన స్తంభం చుట్టూ జనం చీకటి పడేదాకా నాట్యం చేసేవారట. ఆ డోలు, పిల్లనగ్రోవి మోతకు ఇంట్లో బైబిలు చదువుకోవడం కుదిరేది కాదు. ఆ పిల్లనగ్రోవి వాయించేది వాళ్ల నాన్న దగ్గరి కౌలుదారే! వెళ్లి వాళ్లతో కలవాలని తనకూ చాలాసార్లు అనిపించేదని బాక్స్టర్ దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం.

1633లో జేమ్స్ కొడుకు చార్లెస్ రాజు ఆ ప్రకటనను మళ్లీ తెచ్చి, ప్రతి చర్చిలో చదవాలన్నాడు. చదవనన్న పాదిరీలు శిక్షలు అనుభవించారు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం వచ్చి పార్లమెంటుది పైచేయి అయ్యాక కథ తిరగబడింది. 1642లో నాటకశాలలు మూసేశారు. 1643లో ఆ పుస్తకాన్నే నలుగురి ముందు తగలబెట్టించారు. అదే కాలంలో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం, ఆదివారం లోకసంబంధమైన పనులకే కాదు, వినోదాలకు కూడా దూరంగా ఉండాలంది. 1689 నాటి బాప్టిస్టుల ప్రమాణం ఈ మాటనే తీసుకుంది.

ఎక్కువమంది మరిచిపోయిన సంగతి ఒకటుంది. 1647లో క్రిస్మస్, ఈస్టర్ లాంటి పండుగలను రద్దు చేసిన ఆ పార్లమెంటే, పనివాళ్లకూ, పని నేర్చుకునే కుర్రాళ్లకూ, విద్యార్థులకూ ప్రతి నెలా రెండో మంగళవారం ఆటవిడుపుగా ఇచ్చింది. ఆదివారం దేవునిదైతే పేదవాడికి వేరే రోజు ఇవ్వాలని వాళ్లకు తెలుసు. ద్వితీయోపదేశకాండం 5:14 చెప్పేదీ అదే కదా, యజమానితో పాటు దాసుడూ దాసీ విశ్రాంతి తీసుకోవాలని. తర్వాతి తరాలు నిషేధాన్ని పట్టుకున్నాయి, ఆ మంగళవారాన్ని వదిలేశాయి. నా దృష్టిలో తప్పు జరిగింది ఇక్కడే.

ఈ ఆదివారం నియమం మన దగ్గరికి వచ్చేసరికి ఇంకో అర్థం తెచ్చుకుంది. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆ విశ్వాసుల్లో ఎక్కువమంది మాదిగలు. పిలిస్తే పనికి పోవాలి, ఊరి జాతరలో డప్పు కొట్టాలి. వాళ్లు రెండూ మానేశారు. ఊరి పెద్దలకు కోపం వచ్చింది. బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులివ్వలేదు. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు.

డప్పు వద్దన్నది పాట మీద ద్వేషంతో కాదు. క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు అప్పటికే తెలుగు సంఘాల్లో ఉన్నాయి. ఇంకొకరి పండుగకు వెట్టిగా వాయించడం మానుకున్నారు, తమ ఆరాధనలో పాడుకోవడం మొదలుపెట్టారు.